సముద్రం వెనక్కి పోతే

సెలవుకు ఇంటికొచ్చి, నిన్న అరకు సంతలో ఎండుచేపల గంపల పక్కనుంచి నడుస్తుంటే ఆ ఉప్పు వాసనకు రత్నమాల టీచరుగారు గుర్తొచ్చారు. ఇరవయ్యేళ్ళ కిందట, డెబ్బైల మొదట్లో మా ఆశ్రమ పాఠశాలకు సైన్సు చెప్పడానికి వచ్చారావిడ. పుట్టింది అండమాన్‌లో. తండ్రి విజయనగరం వైపు నుంచి అక్కడి రంపపు మిల్లులో పనికి వలసపోయినవాడు. మేమేమో సముద్రమే చూడని కొండపిల్లలం.

ఒకరోజు ఆవిడ తరగతిలో రెండు చాపలు పరిచి, ఒకదాని అంచును రెండోదాని కిందికి తోశారు. కొంత దూరి ఇరుక్కుంది. ఇంకా తోస్తే పైచాప ఉబ్బి, టప్పున విడిపోయింది. దానిమీద పెట్టిన గిన్నెలోని నీళ్ళు మా కాళ్ళమీద చిమ్మాయి.

"సముద్రం అడుగున నేల కూడా ఇలాగే ఒకదాని కిందికొకటి దూరతాది. ఏళ్ళ తరబడి బిగుసుకునుండి, ఒకనాడు విదిలించుకుంటాది. అప్పుడు మీదున్న నీరంతా కదిలిపోతాది," అన్నారు.

"మన కొండమీదకి సముద్రమెలాగొస్తాది టీచరమ్మా? మనకెందుకిది?" అని అడిగాను.

ఆవిడ తన తమ్ముడి సంగతి చెప్పారు. ఆవిడ చిన్నప్పుడు ఒకనాడు నిలబడనివ్వకుండా నేల ఊగిందట. తర్వాత సముద్రం వెనక్కి పోయింది. ఎన్నడూ చూడని రాళ్ళు బయటపడ్డాయి, బురదలో చేపలు కొట్టుకుంటున్నాయి. తమ్ముడు వాటిని ఏరడానికి పరుగెత్తాడు. ఈవిడ గట్టుమీద నిలబడి చూస్తూ ఉండిపోయారు. నీరు తిరిగొచ్చింది, తమ్ముడు రాలేదు.

"వెనక్కి పిలవాలని నాకు తెలీదు గుంటా. రేపు మీరు ఏ ఊళ్ళో ఉంటారో ఎవరికి తెలుసు?"

మరుసటేడు మమ్మల్ని భీమిలి తీసుకెళ్ళారు. మధ్యాహ్నానికి నీరు వెనక్కి తగ్గుతుంటే గవ్వల కోసం అందరం తడి ఇసుకలోకి దిగిపోయాం. వెనకనుంచి టీచరుగారు గొంతు చించుకుని అరిచారు. "రండి! బేగి రండి!" మమ్మల్నందరినీ కొండ ఎక్కించారు. ఎంతసేపు చూసినా ఏమీ కాలేదు. రోజూ ఉండే ఆటుపోటే అది.

"ఆటుపోట్లకే ఇంత భయమేటమ్మా," అని మాతో వచ్చిన లెక్కల మాస్టారు నవ్వారు.

టీచరుగారు మమ్మల్ని ఇంకోసారి లెక్కపెట్టుకున్నారు. "నవ్వండి మాస్టారూ," అన్నారు నెమ్మదిగా. "ఈసారి పిలిచాను."

ఆవిడ పోయినేడు పోయారు. నేనిప్పుడు సముద్రం ఒడ్డున పల్లెకారుల ఊళ్ళో నర్సును. టీకాల రోజున తల్లులకు చెబుతుంటాను, నేల చాలాసేపు ఊగినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోయినా, వలలకోసం, గిన్నెలకోసం ఆగకుండా ఎత్తుకి పరుగెత్తమని. "కొండమడిసివి, నీకేటి తెలుసమ్మా సముద్రం గురించి," అని వాళ్ళు నవ్వుతారు. వరసలో నిలబడ్డ పిల్లల్ని ఎటు పరుగెత్తాలని అడుగుతాను. ఒక్కొక్కరూ ఊరి వెనకున్న ఇసుకదిబ్బ వైపు చెయ్యి చూపించేదాకా సూది పట్టుకోను.