నందిగామ ఎండలో ఆరని చొక్కా

దెయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే నాకు ఒళ్లు మండేది. నందిగామలో డిగ్రీ పిల్లలకు బోటనీ చెప్పుకునేదాన్ని. కంటికి కనపడనిది మైక్రోస్కోపులో కనపడాలి, లేదంటే అది లేనట్టే.

మా చెల్లెలు సుజాతది జగ్గయ్యపేట. దాని భర్త సరుకుల ఓడలో పనిచేసేవాడు. కిందటేడు నార్వేకి పైన ఎక్కడో ఓడ మీంచి సముద్రంలో పడిపోయాడని కబురొచ్చింది. శవం దొరకలేదు. దర్భలతో బొమ్మ చేసి దహనం చేసేద్దామని అత్తింటివాళ్లు అన్నారు. సుజాత ఒప్పుకోలేదు.

"మనిషిని చూడకుండా బొట్టు ఎట్టా తీస్తానక్కా? ఆయన బతికే ఉన్నారు. నాకు తెలుస్తానే ఉంది" అనేది.

దాని నమ్మకమంతా ఒక నీలం చొక్కా మీద. దాని భర్త చివరిసారి సెలవుకి వచ్చి వదిలేసి వెళ్లిన చొక్కా. బీరువాలో మడతపెట్టింది రోజూ పొద్దున్నే తడిగా ఉంటోందట. చెల్లెలే తడిపి ఉంటుందనుకుని బాగా చీవాట్లు పెట్టాను. చొక్కాను నందిగామ తెచ్చుకుని, మేడ మీద మండుటెండలో అప్పడంలా ఎండబెట్టి, నా బీరువాలో పెట్టి తాళం వేశాను. మర్నాడు తీస్తే అరంతా తడి.

అప్పట్లో మా కాలేజీలో మునేరు నదిలోని నాచు మీద ప్రాజెక్టు చేస్తున్నాం. సీసాడు నీళ్లు ల్యాబుకు పంపితే, అందులోని సూక్ష్మజీవుల డీఎన్ఏ అక్షరాల వరసలుగా వస్తుంది. ఆ వరసను ఒక వెబ్‌సైటులో పెడితే, ఆ జీవి ప్రపంచంలో ఎక్కడెక్కడ దొరికిందో మ్యాపు మీద చుక్కలు చూపిస్తుంది. చెల్లెలి నోరు మూయించాలని చొక్కా పిండిన నీళ్లు కూడా పంపాను.

మునేరు వరసలకు చుక్కలు నదుల మీద, చెరువుల మీద పడ్డాయి. చొక్కా నీళ్లకు మాత్రం నేల మీద ఒక్క చుక్కా లేదు. అన్నీ నార్వేకి పైన సముద్రంలోనే. చుక్క మీద నొక్కితే లోతు కూడా చెబుతుంది. వెలుతురు చేరని లోతు అది. ల్యాబుకు ఫోన్ చేశాను. వేరే నీళ్లు కలిసి ఉంటాయన్నారు ల్యాబువాళ్లు. కానీ సముద్రపు నీళ్లు తమ దగ్గరికి ఎప్పుడూ రాలేదని వాళ్లే చెప్పారు.

సుజాత నా పక్కన కూర్చుని మ్యాపు చూసింది.

"ఒడ్డు దగ్గరేనా అక్కా?"

కాదన్నాను. ఎంత లోతో చెప్పాను.

"అక్కడ చలిగా ఉంటదా?"

నీళ్ల ఉష్ణోగ్రత కూడా స్క్రీను మీదే ఉంది. సున్నాకి దగ్గర.

"ఉండదే" అన్నాను.

ఆ వారమే అది కర్మకి ఒప్పుకుంది. వద్దన్నా వినకుండా పాలేరు వాగు ఒడ్డుకు వచ్చింది. దర్భల బొమ్మకు ఆ చొక్కాయే తొడిగారు. అందులోకి ఆ నీళ్లు ఎలా వచ్చాయో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకునే ఓపిక కూడా పోయింది.

నిప్పు పెడితే దర్భలు కాలిపోయాయి గానీ చొక్కా అంటుకోలేదు. పొగ మాత్రం వస్తోంది. అందరం నిలబడిపోయాం. చివరికి సుజాతే ముందుకెళ్లింది.

"ఇంకాస్త కిరసనాయిలు పోయండి మావయ్యా" అంది.