చప్పుడు చేయని చిలుకలు

దగ్గరికి జరిగి కూర్చోండి, గోడకు చేరగిలబడినా పరవాలేదు. నేను చదివింది అయిదో తరగతి దాకే గానీ, కళ్లతో చూసింది మాత్రం మరిచిపోను. మా అత్త చూపు సంగతి చెబుతాను, వినండి.

ఇంటికి కొత్తగా సెల్‌ఫోన్ వచ్చి, అది మోగితే అందరం ఉరికే రోజులవి. వీపనగండ్ల దగ్గర మా చేనులో ఏటా యాసంగికి జొన్న వేసేవాళ్లం. గింజ పాలు పోసుకున్నప్పటి నుంచి కోత దాకా పిట్టల కాపలా మా అత్తదే. పొద్దు పొడవక ముందే మంచె ఎక్కేది. పక్కన వడిసెల, ఒడిలో రాళ్లు, కొట్టడానికి ఒక పాత నూనె డబ్బా. "తూర్పు గట్టుకు గోరింకలు దిగినయ్!" అని అరిచిందంటే అక్కడ గోరింకలు ఉండాల్సిందే.

ఆమె కళ్లకు పొరలు కమ్ముతున్నాయని రెండేళ్లపాటు మాకెవరికీ తెలియలేదు. ఆమె పిట్టలను చెవులతోనే చూస్తోందని ఒక పొద్దున చిలుకలే బయటపెట్టాయి. అవి గోల చేస్తూ వచ్చి చేలో వాలాయి. వాలాక తిండి మీద పడి నోళ్లు మూసుకున్నాయి. గోల ఆగింది కాబట్టి పోయాయనుకుని మా అత్త నిమ్మళంగా ఆకువక్క నములుతూ కూర్చుంది. నేను సద్ది పట్టుకుని వెళ్లేసరికి మంచెకు పది అడుగుల్లోనే కంకులు బోడిగా నిలబడి ఉన్నాయి. చిలుకలు ఇంకా తింటూనే ఉన్నాయి.

"ఇగ నువ్వు మంచె ఎక్కేది లేదమ్మా," అన్నాడు మా ఆయన. "జారి పడితే ఎవలకు పరేషాన్? వచ్చే ఏడు జొన్న బంద్. పల్లి పెడ్త."

"పల్లి పెడితే పందులొస్తయి. వాటికి నువ్వెక్కుతవా మంచె?" అని నవ్వింది గానీ, ఆ పూట ఆమెకు బువ్వ సయించలేదు.

మరుసటి యాసంగికి ఎట్లాగో బతిమాలి జొన్నే వేయించింది. ఆ చలికాలంలోనే వనపర్తిలో కళ్ల క్యాంపు పెడితే ఒక కంటికి ఆపరేషన్ చేయించాం. నలభై రోజులు తలకు నీళ్లు పోసుకోలేదు, పొయ్యి ముందుకు రాలేదు. నల్లద్దాలు పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. "కనబడుతున్నదా?" అని ఎవరడిగినా "మంచిగ కనబడుతున్నది" అనేది. రెండేళ్లు ఆ మాటే కదా చెప్పింది, ఎట్లా నమ్మడం?

శివరాత్రి పోయి చలి వెనక్కి తగ్గింది. మా ఆయన నన్ను పక్కకు పిలిచాడు. "పొద్దుగాల అమ్మను చేనుకు తోలుకపో. నిజంగ కనబడుతున్నదో లేదో నువ్వే చూసి చెప్పు. లేకుంటే మంచె గుంజలు పీకి కొట్టానికి ఏస్త. ఆమె మాటలకు పడిపోకు."

తెల్లవారి ఇద్దరం బయలుదేరాం. దారి పక్కన మోదుగు చెట్టు ఆకు రాల్చి ఎర్రగా పూసింది. "మోదుగు పూసిందా అత్తమ్మా?" అన్నాను.

"శివరాత్రి పోయినంక పూయక ఏం జేస్తది?"

బీడులో తీతువు అరిచింది. "అగో, తీతువు," అంది. తుమ్మల్లో జెముడుకాకి కూసింది. "జెముడుకాకి," అంది. అన్నీ నోరున్న పిట్టలే. నాకు గుబులు పట్టుకుంది. కాలువలో పాతిన కర్ర మీద లకుముకి పిట్ట ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుని ఉంది. "ఆ కర్ర మీద ఏమున్నది?" అన్నాను.

ఆమె ఆగింది. "నన్ను పరీక్ష పెట్టమని నా కొడుకు తోలిండా?" అని చరచరా ముందుకు నడిచింది. జవాబు మాత్రం చెప్పలేదు. ఇంటికి పోయి ఏం చెప్పాలో నాకు తోచలేదు.

మంచె కిందికి చేరాం. గాలి లేదు. చేనంతా నిశ్శబ్దం. మా అత్త నల్లద్దాలు తీసి, కన్ను చిట్లించి, నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పిల్లా, గాలి లేదు గద. ఆ కంకి ఎందుకూగుతున్నది?"

నాకేమీ కనిపించలేదు.

"ఎర్ర ముక్కులు కనబడ్తలేవా నీకు? ఒకటి... మూడు... ఏడున్నయ్. ఒకటి తలకిందులుగ ఏలాడుతున్నది జూడు!"

అప్పుడు చూశాను. పచ్చటి ఆకుల్లో పచ్చగా కలిసిపోయి, చప్పుడు చేయకుండా తింటున్న చిలుకలు. డబ్బా అందుకుని దడదడ కొట్టాను. గుంపంతా కీచుమంటూ లేచింది.

"ఇప్పుడొచ్చిందా నోరు, దొంగల్లారా!" అని మా అత్త పడీ పడీ నవ్వింది. నవ్వి, నా వైపు తిరిగి, చాలాసేపు చూసింది. నా చెంప నిమిరింది. "గింత బక్కగ ఎప్పుడైనవే బిడ్డా? నాకు తెల్వనే తెల్వదు."

ఇంటికి వచ్చి మా ఆయనతో ఒకే మాట చెప్పాను: "గుంజలు పీకకు."

కోతనాడు మంచె దగ్గర ఏడు కంకులను ఆమె కోయనివ్వలేదు. "చిలుకలు నాకు సాక్ష్యం చెప్పినయ్. కూలి ఇయ్యొద్దా?" అంది.

విన్నారు కదా. మీ ఇంటి పెద్దల చూపు చల్లగా ఉండాలి. మీ ముఖాలు వాళ్లకు తేటగా కనిపించాలి. మీ గాదెలు నిండి, మీ చూరుకు కట్టిన కంకుల మీద ఏటా పిచ్చుకలు వాలాలి.