గీత దిగిన చోట

సువా నగరంలోని మా క్లినిక్ వంటగదిలో ఎవరైనా నిమ్మగడ్డి వేసి టీ కాస్తే, ఆ వాసనకు నాకు డాక్టర్ రాజమ్మగారు గుర్తొస్తారు. చక్కెర లేకుండా, ఇష్టంగా తాగేవారు. నేను నాడీ పట్టణం ఆసుపత్రిలో కొత్తగా నర్సుగా చేరినప్పుడు మధుమేహ విభాగానికి ఆవిడే పెద్ద. రోగుల పాత, కొత్త వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించడం అప్పుడే మొదలైంది. తెర మావైపు ఉండాలని మేమంతా అనుకునేవాళ్ళం. ఆవిడ రోగివైపు తిప్పేవారు.

ఒకనాడు సబేటో ఊరి నుంచి అప్పన్న తాత వచ్చాడు. చెరకు రైతు, మా దీవుల్లో ఇంకా తెలుగు మిగిలిన కొద్దిమంది పెద్దల్లో ఒకడు. కాలి చిటికెన వేలికి పుండు. ఇదే జబ్బుతో అతని అన్నకు కాలు తీసేశారు. తనకూ అదే రాసిపెట్టి ఉందని నిశ్చయించుకునే వచ్చాడు.

“కాలు తీస్తావా బేటీ? తీసెయ్. కా కరేగా, ఏం చేస్తాం, మా ఇంట్లో అందరిదీ ఇట్లే.”

డాక్టర్‌గారు కట్టు కట్టించి, తెర తిప్పి, కొన్నేళ్ళుగా అతని చక్కెర ఎలా ఉందో గీతలో చూపించారు. ముసలాయన బెదిరిపోతాడేమోనని నాకు గుబులు. గీత ఎక్కుతూనే ఉంది. ఒక్కచోట మాత్రం బాగా కిందికి దిగింది.

“ఇక్కడ తగ్గింది తాతా. అప్పుడేం చేశావు?”

తాత కళ్ళు చికిలించి చాలాసేపు చూశాడు. “అప్పుడా... మనవడి కోసం గుడికి మొక్కు. దీక్ష. గ్రోగ్ లేదు, దాని వెనక మిఠాయి లేదు. దవాయి టైముకి తిన్నా.” గ్రోగ్ అంటే మా యంగోనా, ఒక మొక్క వేరు దంచి నీళ్ళలో కలిపి తాగే మత్తు పానీయం. ఆ చేదు పోవడానికి ఇక్కడ తీపి నోట్లో వేసుకుంటారు.

“నీకు చేతకాదని ఎవరన్నారు? చేసే ఉన్నావుగా!”

అతను ముందుకు వంగి ఆ పల్లాన్ని వేలితో తడిమాడు. “ఇది నేనేనా?” అన్నాడు.

తేలిగ్గా ఏమీ జరగలేదు. చిటికెన వేలు దక్కలేదు. మధ్యలో ఒక పెళ్ళిలో పథ్యం చెడగొట్టుకుని ముఖం చాటేశాడు. అతను రాలేదని రికార్డు చూసి డాక్టర్‌గారే ఫోన్ చేశారు. “గీత ఆగిపోయింది తాతా, నువ్వెలా ఉన్నావో తెలియడం లేదు” అన్నారంతే, కోప్పడలేదు. మర్నాడే వచ్చాడు. చెరకు కోతల నాటికి రెండు కాళ్ళ మీదా నడుస్తూ, నడివయసు కొడుకుని వెంటబెట్టుకొచ్చాడు. “వీడి గీత కూడా పెట్టు బేటీ.”

డాక్టర్‌గారు పోయి కొన్నేళ్ళయింది. మందులు మారాయి, కంప్యూటర్లూ మారాయి. నా దగ్గర ఆవిడ ప్రశ్న ఉండిపోయింది. ఎందుకు పెరిగిందని అడిగితే మనిషి తల దించుకుంటాడు. తగ్గినప్పుడు ఏం చేశావంటే ఆలోచనలో పడతాడు. ఈ ఉదయం మార్కెట్లో చామదుంపలు అమ్ముకునే ఒకావిడను అలాగే అడిగాను. ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుని, నవ్వుతూ చెప్పడం మొదలుపెట్టింది.