మనుషుల్లేని ఫొటోలు

కొండచరియ కింద ఉన్న డోగోన్ల ఊరు కనిబొరోకి ఏ దేశపు యాత్రికుడు వచ్చినా, అతిమె పుదియుగో మొట్టమొదట చెప్పే మాట ఒకటే ఉండేది.

"కొండని తీసుకోండి. గరిసెల్ని తీసుకోండి. తలుపుల మీది చెక్కడాలు తీసుకోండి. మనుషుల మీదికి మాత్రం కెమెరా ఎత్తారో, వచ్చిన దారినే వెనక్కి పంపిస్తాను."

నవ్వుతూ చెప్పేవాడు కాదు. ఎవరైనా ఆడవాళ్ళు నీళ్ళ కుండలతో ఎదురొస్తే ముందు తనే చేతులు ఊపి వాళ్ళని పక్కకి తప్పుకోమనేవాడు. చావడిలో కూర్చున్న ముసలాళ్ళయితే యాత్రికులు వస్తున్నారనగానే లేచి లోపలికి పోవడం అలవాటు చేసుకున్నారు.

దానికి కారణం అతని నానమ్మ. అతిమెకి పదేళ్ళప్పుడు, కొండ ఊట దగ్గర స్నానం చేస్తున్న ఆమెని ఎవరో దూరం నుంచి ఫొటో తీసుకుపోయారు. రెండేళ్ళ తర్వాత ఊరివాడొకడు మోప్తీ పట్నం బజారులో ఆ ఫొటో అచ్చేసిన కార్డు చూసి, కొని తెచ్చి, చావడిలో అందరికీ చూపించాడు. ఆమె ఒంటి మీద బట్ట లేదు. పదిమంది నవ్వారు. ఆ తర్వాత ఆమె ఆరేళ్ళు బతికింది. ఆ ఆరేళ్ళూ ఊట వైపు కాలు పెట్టలేదు.

అందుకని అతిమె కొండ చూపించే పనిలో చేరినప్పుడు ఆ నియమం పెట్టుకున్నాడు. యాత్రికులు కూడా దాన్ని మెచ్చుకున్నారు. ప్రపంచంలో తాము చూసిన కోటలూ, మ్యూజియంలూ, జలపాతాల గురించి ఒకరికొకరు చెప్పుకునే ఇంటర్నెట్ పేజీ ఒకటుంది. అందులో కనిబొరో పేరు కింద అతని గురించి నూటికి పైగా ఉత్తరాలున్నాయి. పళ్ళ డాక్టరుగా పనిచేసి మానేసిన హాలండ్ ముసలాయన హెండ్రిక్ అయితే ఇలా రాశాడు: "అతిమె మిమ్మల్ని కసురుకుంటాడు. కసిరించుకోవడానికైనా వెళ్ళండి. తన మనుషుల మర్యాద కాచుకునే మనిషిని చూస్తారు."

ఈ మర్యాద ఇంట్లో ఒకరికి నచ్చలేదు. అతని భార్య యాపిలు.

"ఊళ్ళో ఉన్న రాళ్ళన్నిటికీ ఫొటోలు తీయిస్తావు. నా మొహం ఏం పాపం చేసింది?" అనేది, సజ్జలు దంచుతూ.

"నీ మొహం అమ్మకానికి కాదు."

"అమ్మమన్నానా? ఒక్కటి తీయించి ఇంట్లో పెట్టమన్నాను. ఇప్పుడు బాగున్నాను. నలుగురు పిల్లల్ని కన్నాక తీయిస్తే నువ్వే చూడవు."

"సరేలే. వచ్చే సీజన్‌కి చూద్దాం."

ఆ సీజన్ వచ్చింది, పోయింది. ఉత్తరాన యుద్ధం మొదలైంది. యాత్రికుల్ని ఎత్తుకుపోతున్నారని వార్తలు వచ్చాయి. ఆ దేశానికి వెళ్ళొద్దని వాళ్ళ ప్రభుత్వాలు చెప్పాయి. ఒక ఏడాది పదిమంది వచ్చారు, మరుసటేడు ఇద్దరు, ఆ తర్వాత ఒక్కరూ లేరు. అతిమె ఉల్లి మళ్ళలోకి తిరిగి వెళ్ళిపోయాడు. లేక లేక కూతురు పుట్టింది. యాతెమె అని పేరు పెట్టుకున్నారు. ఆ పిల్ల పుట్టేసరికి ఊళ్ళోకి కెమెరా అన్నది వచ్చి మూడేళ్ళు దాటింది.

ఆ తర్వాత ఏడేళ్ళకి, సజ్జ కోతలు అయిన నెలలో, ఒక సంతరోజున, అతిమె దంచి ఎండబెట్టిన ఉల్లి ముద్దల మూట గాడిద మీద వేసుకుని బందియగరా వెళ్ళాడు. పొద్దు పది గంటలప్పుడు కనిబొరో మీదికి మోటారుసైకిళ్ళు వచ్చాయి. ఆ వచ్చినవాళ్ళు ఎవరన్నది ఒక్కొక్కరూ ఒక్కోలా చెబుతారు. బతికి బయటపడ్డవాళ్ళకి గుర్తున్నవి గుడ్డ చుట్టుకున్న మొహాలూ, తుపాకులూ, పెట్రోలు వాసనా. ఆడవాళ్ళు కొందరు పిల్లల్ని తీసుకుని గరిసెల్లో దాక్కున్నారు. గరిసెల పైకప్పు ఎండుగడ్డి. ఆ దాక్కున్నవాళ్ళలో యాపిలు ఉంది. ఏడేళ్ళ యాతెమె ఉంది.

అతిమె తిరిగొచ్చేసరికి పొగ కొండ సగం దాకా కమ్మి ఉంది. ముప్ఫై ఒక్కమందిని పాతిపెట్టారు. అందులో ఎవరు ఎవరో తేలనివాళ్ళని కలిపే పాతిపెట్టారు. ఊళ్ళో ఉన్న నాలుగు ఫోన్లూ ఇళ్ళతోపాటే కాలిపోయాయి.

మిగిలినవాళ్ళు మోప్తీకి దగ్గర్లో ఉన్న సెవారే ఊరి చివర గుడారాల్లో చేరారు. అతిమె మోప్తీ పడవల రేవులో చేపల బుట్టలు దించే పనికి కుదిరాడు. పని ఇచ్చినవాడు ఫమంత. చేపలు పట్టే బోజో కులపువాడు. డోగోన్ మనిషి కనిపిస్తే వెక్కిరించడం బోజోలకి తాతల నాటి హక్కు, తిరిగి తిట్టడం డోగోన్ల హక్కు.

"ఏరా ఉల్లిపాయా, ఇవాళైనా ఒంటి కంపు పోయిందా?" అనేవాడు ఫమంత.

"నీ చేపల కంపు ముందు నాదెంతరా?" అనాలి అతిమె. మొదటి నెలంతా ఆ మాట అతని నోట రాలేదు. ఫమంత మాత్రం రోజూ అడుగుతూనే ఉన్నాడు. ఎప్పటికైనా జవాబు వస్తుందని కాబోలు.

గుడారాల్లో, ఊళ్ళో అతని పక్కింట్లో ఉన్న యాబెం కూడా ఉండేది. అరవై దాటిన మనిషి. ఆమె ఒక్కగానొక్క కొడుకు అంబకాన్ ఆ ముప్ఫై ఒక్కమందిలో ఒకడు. ఒక సాయంత్రం ఆమె అతిమె ఎదురుగా వచ్చి కూలబడింది.

"అల్లుడూ, నీకు దండం పెడతాను, ఒక పని చెయ్యి. నీ తెల్లోళ్ళు పదేళ్ళపాటు టకటకా ఫొటోలు కొట్టుకుపోయారు గదా. ఎవడి దగ్గరో ఒకడి దగ్గర నా కొడుకు ఉంటాడు. అడిగి తెప్పించు."

"అత్తా..."

"వాడి కళ్ళు గుర్తున్నాయి. నోరు గుర్తు రావడం లేదురా. నవ్వితే ఒక పక్కకి పోయేది. ఏ పక్కకో మర్చిపోయాను."

 మర్నాడు అతిమె ఫమంతని అడిగి అతని ఫోను తీసుకున్నాడు. ఆ పాత పేజీ ఇంకా ఉంది. ఆఖరి ఉత్తరం వచ్చి పదేళ్ళయింది. దాని కింద తనకొచ్చిన ఫ్రెంచిలో రాశాడు: "నేను అతిమెని. కనిబొరో కాలిపోయింది. మీరు తీసుకెళ్ళిన ఫొటోలు మాకు పంపండి."

నాలుగు రోజుల్లో ఫొటోలు రావడం మొదలుపెట్టాయి. హాలండ్ నుంచి, జపాన్ నుంచి, బ్రెజిల్ నుంచి. హెండ్రిక్ ఒక్కడే రెండొందల దాకా పంపాడు. వాళ్ళలో చాలామంది ఉత్తరాల్లో ఏడ్చారు.

ఫమంత పాకలో ఒక ఆదివారం అందరూ చేరారు. వల పక్కకి లాగి, గోడకి తెల్ల దుప్పటి కట్టి, ఎవరి దగ్గరో అరువు తెచ్చిన యంత్రంతో ఫమంతే ఫొటోలు పెద్దవి చేసి వేశాడు.

మొదట్లో సంబరమే. "అది మా గరిసె! ఆ మూల పగులు చూడు." "ఓరి, మా మేక!" "ఆ రాయి మీద నుంచే నేను పడి కాలు విరిగింది." కొండ మీద పొద్దుగుంకే ఫొటోలు వచ్చాయి. చావడి స్తంభాలు వచ్చాయి. చెక్కిన తలుపులు, తాళాలు, ఉల్లి మళ్ళ పచ్చదనం. ఒకదాని తర్వాత ఒకటి. యాభై దాటేసరికి మాటలు తగ్గాయి. వంద దాటేసరికి పాకలో యంత్రం చప్పుడు తప్ప ఏమీ వినిపించడం లేదు.

యాబెం లేచి దుప్పటి దగ్గరికి వెళ్ళి, చెయ్యి పెట్టి తడిమింది.

"ఇందులో మనుషులేరిరా?"

ఫమంత ఇంకో ఫొటో వేశాడు. అదీ తలుపే.

"తలుపుంది. తలుపు తీసేవాడేడి? చావడుంది. కూర్చునేవాడేడి?"

"నేనే వద్దన్నాను అత్తా," అన్నాడు అతిమె. "మనుషుల్ని తీయొద్దని నేనే చెప్పాను. వాళ్ళు నా మాట విన్నారు."

ఆమె దుప్పటి మీది చెయ్యి తీసి అతని వైపు తిరిగింది.

"కొండ ఫొటో మాకెందుకురా? కొండని ఎవడు కాల్చాడు? అది అక్కడే ఉంది. పోయింది వీళ్ళు గదరా." కొంగు నోట్లో కుక్కుకుని బయటికి వెళ్ళిపోయింది. ఆమె వెనకాలే ఒక్కొక్కరూ లేచారు. అతిమెని ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండునని అతనికనిపించింది.

ఫమంత యంత్రం ఆపి, పక్కన కూర్చున్నాడు. ఆ రోజు ఉల్లిపాయ అని పిలవలేదు.

"నీ మాట విననోడు ఒక్కడూ లేడా?" అని మాత్రం అడిగాడు.

ఒకడున్నాడు. పేరు ల్యూక్. అతిమె పెళ్ళైన ఏడాది వచ్చాడు. మూడు రోజులు తలనొప్పి అని బస దగ్గరే ఉండిపోయి, నిజానికి బండల వెనక నక్కి పొడుగు కెమెరాతో జనాన్ని తీసుకున్నాడు. ఆఖరి రోజు అతను యాపిలు మీదికి కెమెరా తిప్పడం అతిమె చూశాడు. ఒక్క గెంతులో పోయి, కెమెరా లాక్కుని బండకేసి కొట్టాడు. ఊరంతా చూస్తుండగా ల్యూక్ మెడ పట్టి పొలిమేర దాకా గెంటాడు. ఆ పేజీలో అతిమెని తిడుతూ ఉన్న ఒకే ఒక్క ఉత్తరం అతనిదే. "ఈ మొరటువాడి చేతికి చిక్కకండి."

దాని కింద అతిమె రాయాల్సి వచ్చింది. మూడు రోజులు పట్టింది. రాసింది చెరిపాడు, మళ్ళీ రాశాడు. చివరికి ఇంతే మిగిలింది: "అయ్యా, ఆ రోజు నేను పగలగొట్టినదాంట్లో ఏమైనా మిగిలి ఉంటే దయచేసి పంపండి. ఆ ఫొటోల్లో ఉన్నవాళ్ళు చనిపోయారు."

ఐదు వారాలు ఏమీ రాలేదు. ఆరో వారం వచ్చింది. "నువ్వు పగలగొట్టింది కెమెరా అద్దాన్ని, ఫొటోల్ని కాదు. నిన్ను క్షమించానని అనుకోవద్దు. అవి నీకు కాదు, వాళ్ళకి పంపుతున్నాను." కింద నలభై ఆరు ఫొటోలు.

ముప్ఫై ఒక్కమందిలో పదమూడుమంది మొహాలు అందులో ఉన్నాయి. దూరం నుంచి, దొంగచాటుగా, ఉన్నవాళ్ళు ఉన్నట్టుగా. ముక్కు చీదుతున్నవాడు. పేలు చూయించుకుంటున్న ముసలమ్మ. సారాయి బుర్ర పట్టుకుని పగలబడి నవ్వుతున్న అంబకాన్. నోరు ఎడమ పక్కకి పోయింది. యాబెం ఆ ఫొటో ముందు కూర్చుని పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా లేవలేదు. అన్నం పెడితే తినలేదు. "ఎడమ పక్కకి, ఎడమ పక్కకి," అనుకుంటూ ఉండిపోయింది.

నలభై ఆరోది యాపిలుది. నెత్తిన కుండ, భుజం మీద నీలం గుడ్డ కొంగు, మెడలో పూసలు. అన్నీ స్పష్టంగా ఉన్నాయి. మొహం ఉండాల్సిన చోట ఒక అరచెయ్యి. వేళ్ళు బారచాపి, కెమెరాకి అంత దగ్గరగా, గీతలన్నీ మసకబారి. అది అతిమె చెయ్యి.

అతను ఫోను ఫమంత చేతిలో పెట్టి, పడవల రేవుకి పోయాడు. అక్కడ బుట్టలు దించాడు. తనవే కాదు, పక్కవాళ్ళవి కూడా దించాడు. యాతెమెకి ఆ పాటి ఫొటో కూడా లేదు. ఆ పిల్ల మొహం ఇక తన కళ్ళలో ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళే. అది తల్లి పోలికా, తన పోలికా అని ఎవరైనా అడిగితే తనే చెప్పాలి. సరిగ్గా చెప్పగలడో లేదో అతనికే నమ్మకం లేదు.

హెండ్రిక్ మళ్ళీ రాశాడు. ఈ ఫొటోలన్నీ ఆ పేజీలోనే ఒకచోట పెడదామనీ, చూసినవాళ్ళకి ఏం జరిగిందో తెలుస్తుందనీ. అతిమె ఒప్పుకున్నాడు. "కానీ పేర్లతో పెట్టండి. మొహం లేనివాళ్ళకి వాళ్ళ తలుపు పెట్టి, కింద పేరు రాయండి," అన్నాడు. అది యాబెం ఆలోచన కాదు, అతనిదే. అయితే ఏ తలుపు ఎవరిదో సరిచూసింది ఆమే. పద్ధెనిమిదిమందికి తలుపులు కావాలి. పదహారే దొరికాయి. మిగతా ఇద్దరికీ పేరు మాత్రమే వేశారు.

యాపిలు పేరు కింద అతిమె తమ ఇంటి తలుపు పెట్టించాడు. నలభై ఆరో ఫొటో ఎవరికీ పంపలేదు. అది ఫమంత ఫోనులో ఉంది. చెరిపెయ్యమని అతను అడగలేదు, ఫమంత చెరపలేదు.

అంబకాన్ వివరాలు రాయించేటప్పుడు వయసు ఎంతని అడగమన్నాడు హెండ్రిక్.

"ఏమో," అంది యాబెం. "కరువేడాది పుట్టాడు."

"ఏ కరువత్తా? రెండొచ్చాయి."

"చిన్నదిరా. మిడతలొచ్చిన కరువు."

అతిమె వేళ్ళ మీద లెక్కేసి, ఫోనులో ముప్ఫై ఏడని కొట్టాడు.

"ముప్ఫై ఏడా?" అంది ఆమె. "నిన్నమొన్నటి పిల్లాడురా వాడు. అంత రాయకు. తగ్గించు."

అతిమె ముప్ఫై ఆరు చేసి పంపాడు.