రాజ్యాంగానికి సవరం

నా చిన్నప్పుడు, డెబ్బై ఎనిమిదో సంవత్సరం డిసెంబరులో, ఒక శుక్రవారం పొద్దున్న ఏడు గంటలకి మా నాన్న మళ్ళీ మనుషుల్లోకి వచ్చాడు. అంతకుముందు ఏడాదిన్నరగా ఇంట్లోనే ఉన్నాడు గానీ, ఉన్నట్టు కాదు.

మాది రేపల్లె దగ్గర పెనుమూడి. అప్పటికి కృష్ణ మీద వంతెన లేదు. నాన్న రేవులో పడవ నడిపేవాడు. ఎమర్జెన్సీలో ఎవరినో అవతలి గట్టుకి దాటించాడట, వాళ్ళు ప్రభుత్వానికి గిట్టనివాళ్ళట. రేవుకొచ్చినవాణ్ణి ఎక్కించుకోవడం తప్ప ఆయనకేం తెలుసు! జీపులో తీసుకుపోయి జైల్లో పెట్టారు. ఎందుకని అడిగితే, ఇప్పుడలా అడగడానికి లేదన్నారు. కోర్టుకి వెళ్దామన్నా అదే మాట. ఎలక్షన్లు అయ్యాక వదిలారు. అమ్మ మొక్కు తీర్చుకుని తలనీలాలు ఇచ్చి వచ్చింది. నాన్న మాత్రం పడవ ఎక్కలేదు. మళ్ళీ పట్టుకుపోతారని భయం. జీపు చప్పుడైతే చాలు, ఇంటి పక్కనున్న గడ్డివాము వెనక్కి పోయేవాడు.

ఆ పొద్దున్నా అక్కడే ఉన్నాడు. అరుగు మీద నాయనమ్మ, ఇంకా భుజాలు దాటని అమ్మ జుట్టుకి సవరం పెట్టి జడ వేస్తోంది. పక్కింటి అక్క పేపరు పట్టుకుని, చంకలో పిల్లాడితో గబగబా వచ్చింది. ఆమె తెనాలి నుంచి కాపురానికొచ్చిన దర్జీగారి భార్య. మా రెండిళ్ళలో చదువొచ్చింది ఆమెకొక్కదానికే.

"మామ్మా, రాజ్యాంగానికి సవరణ చేశారంట!"

నాయనమ్మ అల్లుతున్న చెయ్యి ఆపింది. "సవరమా? దానికీ గుండు కొట్టించారేంటే?"

అమ్మ పక్కున నవ్వింది. నేనూ నవ్వాను. అక్క నవ్వలేదు. అరుగు మీద కూర్చుని, "అవును మామ్మా, కొట్టించారు. ఎమర్జెన్సీలో మన హక్కులన్నీ గొరిగేశారుగా. ఇప్పుడు మళ్ళీ కలిపి అల్లుతున్నారు" అంది.

"ఊడిపోదూ?"

"ఇది ఊడేది కాదు. మళ్ళీ ఎమర్జెన్సీ పెట్టినా సరే, మనిషి ప్రాణానికీ స్వేచ్ఛకీ ఉన్న హక్కుని ఆపడానికి లేదంట. ఎందుకు పట్టుకున్నారని కోర్టుకెళ్ళి అడగొచ్చంట. పార్లమెంటు ఒప్పుకుంది."

గడ్డివాము వెనక నుంచి నాన్న గొంతు వినపడింది. "ఇంకోసారి చదువమ్మా."

అక్క నింపాదిగా చదివింది. ఆయన ఇవతలికి వచ్చాడు, తలనిండా గడ్డి పరకలతో. "పెద్దోళ్ళకేనా, పడవోళ్ళకి కూడానా?"

"మనిషన్న ప్రతివాడికీ, బాబాయ్."

నాన్న అరుగు అంచున కూలబడి ఏడ్చాడు. మేం ఎవరం ఓదార్చలేదు. అది ఓదార్చాల్సిన ఏడుపు కాదు. నాయనమ్మే కాసేపటికి, "చాల్లేరా, రేవులో జనం నిలబడిపోయుంటారు, పో" అని కసిరింది. ఆయన గడ్డి దులుపుకుని వెళ్ళాడు. ఆ రోజు నుంచి పడవ మానలేదు.

నేను అక్షరాలు నేర్చుకున్నది నలభై దాటాక. సవరం వేరు, సవరణ వేరని అప్పుడు నా కళ్ళతో నేనే చదివాను. అయినా ఎవరైనా మాట తప్పుగా పట్టుకుంటే ఇప్పటికీ ముందు దిద్దను. వాళ్ళు పట్టుకున్న మాటతోనే చెప్పుకొస్తాను. ఆ పొద్దున అక్క నాయనమ్మని దిద్దడానికి కూర్చుంటే, మాకు సిగ్గేసి లోపలికి పోయేవాళ్ళం. నాన్న గడ్డివాము వెనకే ఉండిపోయేవాడు.

ఆ రోజు అక్కడున్నది నాయనమ్మ, అమ్మ, పక్కింటి అక్క, ఆమె చంకలో పిల్లాడు, నేను. నాన్న కూడా ఉన్నాడు.