కొండ మీదుగా

రేణిగుంట గోడౌన్‌లో పనిచేసే మునిచంద్ర ఇంట్లో కంప్యూటర్ ఆటలో యుద్ధ హెలికాప్టర్ నడిపేవాడు. శత్రువుల ట్యాంకులు కొండ వెనక ఉండేవి. అతను కొండను చుట్టి వెళ్లేవాడు, ప్రతిసారీ దెబ్బతిని కూలిపోయేవాడు.

“పైనుంచి పోవచ్చు గదా నాయనా?” అనేది పక్కన కూర్చున్న కూతురు స్రవంతి.

“తప్పమ్మా! మన సామి కొండ మీద ఎవురన్నా ఎగరొచ్చునా? ఏ కొండయినా అంతే.”

2004లో స్రవంతికి మూత్రపిండాలు చెడిపోయాయి. మొక్కని మొక్కు లేదు. చివరికి డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు.

ఆ సాయంత్రం మునిచంద్ర పళ్లు కొరుకుతూ హెలికాప్టర్‌ను కొండ నెత్తి మీదుగానే పోనిచ్చాడు. ట్యాంకులన్నీ పేలిపోయాయి. మొదటిసారి గెలిచాడు.

లోపలి గదిలో స్రవంతి మూలిగింది.

మునిచంద్ర ఉలిక్కిపడి లేచి, తెర ముందే టపటపా లెంపలేసుకున్నాడు. “ఎగిరింది నేను సామీ, పాప కాదు!”