పెళ్లి డిస్కుకు ఐదు బొట్లు

నేను చేసిన తెలివితక్కువ పనుల్లో పెద్దదేదని అడిగితే మా ఇంట్లో ఎవరూ ఆలోచించరు. మా ఆవిడ స్రవంతి అయితే ప్రశ్న పూర్తి కాకముందే దేవుడి గూట్లో పసుపు గిన్నె వైపు చూస్తుంది. మీరూ నవ్వుదురు గాని, అంతకుముందు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. నేను సూర్యాపేటలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ లెక్చరర్ని. కాంతి పాఠం చెప్పడంలో నన్ను మించినవాడు జిల్లాలో లేడని అప్పట్లో గట్టి నమ్మకం. ఆ నమ్మకం నాకొక్కడికే ఉండేదని తర్వాత తెలిసింది.

మా పెళ్లి కోదాడలో, అత్తగారి ఊళ్లో జరిగింది. వీడియో తీసినాయన పెన్ డ్రైవ్‌లో ఇస్తానంటే మామగారు సరేనన్నారు. కొత్త అల్లుణ్ని, నేను ఊరుకుంటానా?

"పెన్ డ్రైవ్‌ల క్లారిటీ ఏముంటది మామయ్యా? బ్లూరే డిస్క్ చేయిద్దాం. చీర అంచుల జరీ పోగులు గూడ లెక్కపెట్టొచ్చు."

"మరి దాన్ని ఆడించే మిషనో, అల్లుడుగారూ?"

"అది నాకొదిలెయ్యండి."

ఇంతలో పాలకీడు నుంచి స్రవంతి అమ్మమ్మ ఫోన్. స్రవంతిని చిన్నప్పటి నుంచి పెంచింది ఆమే. పెళ్లికి నాలుగు రోజుల ముందు వాకిట్లో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. ఇక్కడ నేను తాళి కడుతుంటే ఆమె దవాఖానలో కాలికి కట్టుతో పడుకుని ఉంది. "నా బిడ్డ పెండ్లి నేనే సూడకపోతి" అని ఫోన్‌లో ఒకటే ఏడుపు.

"కాలు బాగైనంక మా ఇంటికి రా అమ్మమ్మా. తాళి కట్టేది పెద్ద టీవీల సూపిస్త" అని మాటిచ్చాను. రెండు నెలలకు ఆమె లేచి నడిచింది. ఆదివారం వస్తున్నానని కబురు. అంటే నా మాటకు గడువు వారం. డిస్కు వచ్చింది గాని, ఆడించే ప్లేయర్ ఇంకా కొనలేదు.

సూర్యాపేటలో షాపాయన నన్ను ఎగాదిగా చూశాడు. "బ్లూరేనా? ఇప్పుడందరు ఫోన్లనే సూస్తుండ్రు సార్. మిక్సీ కావాల్నంటే సూపిస్త."

కోదాడ వెళ్లాను. ఒక్కటే ఉంది, అదీ డబ్బా విప్పింది. "బాగా ఆడుద్దండీ, నేనే పెట్టి చూశాను" అన్నాడాయన.

"అందుకే వద్దు. సీల్ తీసింది నేను కొనను" అని గర్వంగా బయటికొచ్చాను.

మిర్యాలగూడలో దొరికాయి, సీల్ వేసినవి రెండు. ఆ షాపాయన పాపం ఓపికమంతుడు. లేజర్ కిరణం డిస్కు మీద పడి ఎలా వెనక్కి వస్తుందో నేను అరగంట చెబితే, వచ్చిన గిరాకీని పక్కన నిలబెట్టి మరీ విన్నాడు. రెండు డబ్బాల మీద ఉన్నదంతా చదివి, అటూ ఇటూ తిప్పి, ఒకటి ఎంచాను.

"మీ డిస్కు తెస్తే గీడనే పెట్టి సూద్దుము సార్" అన్నాడు.

"మొదటిసారి మా ఇంట్లనే, పూజ చేసి పెడ్త."

శుక్రవారం స్నానం చేసి కూర్చున్నాను. ప్లేయర్‌కు పసుపు రాసి కుంకుమ పెట్టాను. ఇక డిస్కు. దాని మీద మా ఇద్దరి పెళ్లి ఫొటో అచ్చు వేశారు. మా ముఖాల మీద బొట్టు పెడితే ఏం బాగుంటుంది? డిస్కు తిప్పాను. వెనక ఎంత శుభ్రంగా, ఎంత తళతళలాడుతోందో! తడి పసుపుతో ఐదు చుక్కలు, వాటి మీద కుంకుమ. చూడముచ్చటగా ఉంది.

లోపల పెట్టాను. గరగరమని తిరిగింది. డిస్క్ లేదని టీవీలో అక్షరాలు వచ్చాయి.

"ఏమండీ, ఆ బొట్లు అడ్డమేమోనండీ" అంది స్రవంతి మెల్లగా.

"బొట్టు పెడితే మిషన్లు ఆగిపోతయా? మీ నాయన స్కూటర్‌కు ప్రతి దసరాకు పెడ్తడు. ఆగిందా ఎన్నడన్న?"

ఆమె తలూపి పసుపు గిన్నె తీసి గూట్లో పెట్టింది. భర్త ఫిజిక్స్ లెక్చరర్ మరి!

మిర్యాలగూడకు ఫోన్ చేసి కేకలేశాను. "డిస్కు గూడ తెండి సార్" అన్నాడాయన. "దాన్ల తప్పేం లేదు, అది పూజల ఉన్నది" అన్నాను. శనివారం ప్లేయర్ తీసుకుని బస్సెక్కాను. ఆయన తన డిస్కు వేస్తే బొమ్మ అద్దంలా వచ్చింది.

"మంచిగనే ఆడుతున్నది గద సార్?"

"నీ దగ్గర ఆడుతది, నా దగ్గర ఆడది. మార్చు."

మార్చాడు. రెండో ప్లేయర్‌కూ పూజ చేశాను. డిస్కు మీద బొట్లు ఎండి వెలిసిపోయాయని వాటి మీదే మళ్లీ దిద్దాను. పెద్దమనసుతో కొంచెం ఎక్కువే దిద్దాను.

ఆదివారం అమ్మమ్మ చేతికర్రతో వచ్చి టీవీ ముందు కుర్చీలో కూర్చుంది. పెళ్లికి కట్టుకుందామని కొనుక్కున్న పట్టుచీర ఆ రోజు కట్టుకొచ్చింది. నేను మీట నొక్కాను. మళ్లీ డిస్క్ లేదట.

అందరి ముందూ షాపాయనకు ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాను. "ఏం మిషన్లయ్యా ఇవి? ముసలామె కండ్లల్ల ఒత్తులేసుకుని కూసున్నది. నేనేం సెప్పాలె?"

"సార్, జర డిస్కు తీసి ఎనక సూడండి..."

"నాకే సెప్తవా? నేను లేజర్ గురించి..."

"గా పళ్లెం ఇటియ్యి బిడ్డా" అంది అమ్మమ్మ.

ఇచ్చాను. ఆమె అటు తిప్పింది, ఇటు తిప్పింది. తన కళ్లజోడు తీసి చూసుకుంది, మళ్లీ డిస్కు చూసింది.

"నా అద్దాలకు పసుపంటితే నాకే ఏం కనవడదు. దీనికెట్ల కనవడ్తది?"

నేను ఫోన్ పెట్టేయడం కూడా మరిచిపోయాను. షాపాయన ఇంకా లైన్లోనే ఉన్నాడు. అమ్మమ్మ కొత్త పట్టుచీర చెంగు నీళ్లలో ముంచి, పసిపిల్ల ముఖం తుడిచినట్టు డిస్కు తుడిచి నా చేతికిచ్చింది. వేశాను. సన్నాయి మోగింది.

తాళి కట్టే చోట అమ్మమ్మ పసుపు మరకల చెంగుతోనే కళ్లొత్తుకుంది. "మల్లొకపారి ఎయ్యి" అంది. మూడుసార్లు వేశాను. సిగ్గుతో సగం, సంతోషంతో సగం.

చూడటం అయ్యాక ఆమె మనవరాలిని అడిగింది. "మీ ఆయన కాలేజీల ఏం సెప్తడే?"

"వెలుగు గురించి అమ్మమ్మా. ఎట్లా పోద్దో, దేనికి ఆగుద్దో."

"మంచిగనే సెప్తడు. ఆగేది నాకు సూపిచ్చిండు గద!"

అందరికంటే గట్టిగా నవ్వింది ఫోన్‌లో ఉన్న షాపాయనే. నవ్వి, నవ్వి, ఆఖరికి అడిగాడు. "సార్, మీరు సీల్ తీసిన మిషన్ నా కాడనే ఉన్నది. దాన్నెవరు కొంటరు?"

నేనే కొన్నాను. అది ఇప్పుడు పాలకీడులో అమ్మమ్మ ఇంట్లో ఉంది, మా పెళ్లి డిస్కు ఇంకో కాపీతో సహా. అలా ఆ రోజు, ఎదురుగా పసుపు గిన్నె, పక్కన అమ్మమ్మ సాక్షిగా ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో మా ఇంటికి ఏ యంత్రమొచ్చినా బొట్టు దాని అట్ట డబ్బాకే పెడతాను, అదీ అమ్మమ్మను ఫోన్‌లో అడిగాకే.